పదకొండు కిలోల పిల్లి

ఆ రోజు పొద్దున తాత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు కోడలు పనికి వెళ్తుంది. తొమ్మిదికి మనవరాలికి మందు, నల్లపిల్లికి మందు. పదికి పాపకు అరటిపండు. పదకొండుకు నిద్ర. ఒంటిగంటకు కోడలు తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లులాగా, పాప పాపలాగా ఉండాలి. అంతే. ముప్పై నాలుగేళ్లు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో మీటలు లాగి, రోజుకు అరవై బండ్లను ఒకదానికొకటి తగలకుండా దాటించినవాడికి ఒక పాప, రెండు పిల్లులు, నాలుగున్నర గంటలు ఒక పనే కాదు.

కానీ అది పరీక్ష. ఆ మాట ఇంట్లో ఎవరూ వాడలేదు గానీ అందరికీ తెలుసు. కోడలు ఇరవై నెలల తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది. పిల్లల డాక్టరు క్లినిక్‌లో, ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే పని. మొదటి రోజు కాబట్టి ఒంటిగంట దాకానే. వెనకవీధి శిశుకేంద్రంలో ఒక్క చోటు ఖాళీ ఉంది. దానికి కాగితం నింపి, సంతకం మాత్రం పెట్టకుండా, చేతిసంచిలో పెట్టుకుంది.

"ఇవాళ చూద్దాం మామయ్యా," అంది ముందురోజు. "బాగుంటే పాప మీ దగ్గరే ఉంటుంది. లేకపోతే సోమవారం నుంచి అక్కడ."

తాత తల ఊపాడు. భార్య పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆయన్ని చూసి పరుగెత్తుకొచ్చే ప్రాణి ఈ పాప ఒక్కతే. అది కూడా శిశుకేంద్రానికి పోతే పగలంతా ఆయనకు మిగిలేవి రెండు పిల్లులు.

ఆ పిల్లులు ఆయనవి కావు. భార్య తెచ్చింది. ఆమె పోయింది, ఇవి పోలేదు. నల్లదాని పేరు మసి, తెల్లదాని పేరు సున్నం. రెండింటికీ ఆయనంటే లెక్కలేదు. ఆయన కుర్చీలో అవి కూర్చుంటే ఆయనే ఇంకో కుర్చీ చూసుకోవాలి. పాప మాత్రం ఆ రెండింటినీ చూసే బతకడం నేర్చుకుంది. వాటిలాగే నాలుగు కాళ్ల మీద తిరుగుతుంది, బల్ల కింద పడుకుంటుంది, ఏదైనా కావాలంటే వచ్చి తలతో మోకాలికి రుద్దుతుంది. మాటలు మూడు వచ్చు. తాత, వద్దు, మ్యావ్. మూడోదే ఎక్కువ వాడుతుంది.

కొడుకు అచ్చుయంత్రం మీద పనిచేస్తాడు. ఆరింటికే వెళ్లిపోవాలి. అందుకని రాత్రే రెండు సూదిలేని సిరంజీల్లో మందులు నింపి ఫ్రిజ్ తలుపులో పెట్టాడు. ఒకటి పాప దగ్గుకి, ఒకటి మసి కడుపులో పురుగులకి. రెండు మందులూ సున్నపునీళ్లలా తెల్లగానే ఉంటాయి. కలవకుండా ఒకదానికి ఎర్ర రబ్బరుబ్యాండు, ఒకదానికి ఆకుపచ్చ రబ్బరుబ్యాండు చుట్టాడు. తాత అప్పటికే నిద్రపోయాడు. కొడుకు తన భార్యకు చెప్పి, తన పని అయిపోయిందనుకున్నాడు.

ఎనిమిదిన్నరకు కోడలు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "మామయ్యా, మందులు ఫ్రిజ్ తలుపులో ఉన్నాయి. రంగు చూసి..." అంటూ మొదలుపెట్టింది.

తాత చెయ్యి పైకెత్తాడు. క్యాబిన్‌లో కుర్రాళ్లను ఆపడానికి ఎత్తే చెయ్యి అది. "రంగుల గురించి నాకు చెబుతున్నావా అమ్మా? ముప్పై నాలుగేళ్లు రంగులతోనే బతికాను."

"అందుకే," అంది కోడలు. చిన్నగా నవ్వి, పాపను ముద్దుపెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ నవ్వు తాతకు నచ్చలేదు. 'అందుకే' అన్న మాటైతే అసలే నచ్చలేదు. ముసలాడివి, నీ రంగులు నీ కాలంతో పోయాయి అన్నట్టుగా ఉందది. ఆయన ఆ మాటను నములుతూనే తొమ్మిదింటిదాకా కూర్చున్నాడు. తొమ్మిదీ అయిదుకు ఫ్రిజ్ తలుపు తెరిచాడు.

ఎరుపు, ఆకుపచ్చ. ఇందులో ఆలోచించడానికేముంది? ఎరుపంటే ఆగు. పాప దగ్గరికి రానివ్వకూడనిది. అంటే పిల్లిది. ఆకుపచ్చంటే పోవచ్చు. అంటే పాపది. ఆకుపచ్చది పాప నోట్లో వేశాడు. పాప చప్పరించి, "మ్యావ్" అంది. తర్వాత మసిని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఎర్రది దాని గొంతులోకి పిచికారీ కొట్టాడు. మసి ఆయన మణికట్టు మీద నాలుగు గీతలు గీసి, పుస్తకాల బీరువా వెనక్కి పోయింది. లైన్ క్లియర్ అనుకున్నాడు తాత. మణికట్టు కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. వేడిగా టీ కలుపుకుందామా అని కూడా అనుకున్నాడు.

తొమ్మిదీ పావుకు ఫోను మోగింది. కొడుకు. వెనక యంత్రాల రొద.

"నాన్నా, మందులు వేశావా?"

"వేశాను."

"ఎర్రది పాపకేగా? కంటికి ముందు కనబడాలని పాపదానికి ఎరుపు కట్టాను. ఆకుపచ్చది మసిది. అది ఘాటైన మందు నాన్నా, పాప చేతికి కూడా తగలనివ్వకు. సరిగ్గానే వేశావు కదా?"

తాత వంగి చూశాడు. పాప బల్ల కింద పడుకుని సున్నం తోక పట్టుకుని చూస్తోంది. క్యాబిన్‌లో ఇలాంటి ఘడియ ఒక్కసారి కూడా రాలేదు. వస్తే ఏం చెయ్యాలో మాత్రం ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ముందు రెండువైపులా లైన్ మూసెయ్యాలి. వెంటనే పైవాళ్లకు కబురు చెయ్యాలి. ఈ రెంటికీ మధ్య ఒక్క క్షణం కూడా ఉండకూడదు.

"సరిగ్గానే వేశాన్రా," అన్నాడు తాత.

"అబ్బ, నాకు తెలుసు. నువ్వు రంగు తప్పుతావా?" అని కొడుకు పెట్టేశాడు.

తాత లేచి మొదట చేసిన పని ఆ రెండు సిరంజీలను సబ్బుతో కడగడం. ఎందుకు కడిగావని అడిగితే శుభ్రత అని చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. తర్వాత లైన్ మూశాడు. పాపను ఎత్తి, హాలు మధ్యలో ఉండే చిన్న కర్రకంచెలో కూర్చోబెట్టాడు. వీధితలుపు గడియ పెట్టాడు, పెరటితలుపు గడియ పెట్టాడు. బీరువా వెనకనుంచి మసిని లాగి స్నానాలగదిలో వేశాడు. సున్నాన్ని పట్టుకోబోతే అది కంచె దూకి పాప పక్కన చేరింది.

కబురు చెయ్యడమే మిగిలింది. ఎవరికి? పాప డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. పాప డాక్టరుకు ఫోన్ చేస్తే ఎత్తేది ముందు బల్ల దగ్గర మనిషి. ముందు బల్ల దగ్గర మనిషి ఎవరో తాతకు తెలుసు. చేతిసంచిలో కాగితంతో సహా తెలుసు.

అప్పుడే పాప చెవి వెనక గోక్కుంది.

రోజూ గోక్కుంటుంది. కానీ రోజూ ఆయన చూసేది వేరు, ఇవాళ చూసేది వేరు. పాప అరచెయ్యి నాకింది. పాప వీపు వంచి ఒళ్లు విరుచుకుంది, నాలుగు కాళ్ల మీద కంచె చుట్టూ రెండు చుట్లు తిరిగింది, ఎండ పడ్డ చోట ముడుచుకుని పడుకుని కళ్లు సగం మూసింది. "బంగారూ," అని పిలిచాడు తాత. పలకలేదు. "అమ్మలూ!" పలకలేదు. "పిస్ పిస్ పిస్" అన్నాడు. పాప, సున్నం ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూశారు.

స్నానాలగదిలోంచి ఏదో విచిత్రమైన చప్పుడు వచ్చింది. తాత తలుపు బెత్తెడు తెరిచి తొంగిచూశాడు. మసి తల విదిలిస్తోంది. మూతి నిండా నురగ. గడ్డం మీదనుంచి తీగలు తీగలుగా జారి నేలమీద పడుతోంది. తాత తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడ్డాడు. పాప మందు పడ్డ పిల్లికే ఇంత నురగ వస్తే, పిల్లి మందు పడ్డ పాపకు?

పశువైద్యశాల ఫోన్ నంబరు మసి మందు డబ్బా మీదే ఉంది. ఆ మందు సంగతి వాళ్లకే బాగా తెలుస్తుంది కదా అని తన మనసుకు చెప్పుకుని, తాత నంబరు నొక్కాడు. ఒక అమ్మాయి ఎత్తింది.

"చెప్పండి సార్, ఏమైంది?"

"పురుగుల మందమ్మా. మీరిచ్చిందే. అది పొరపాటున... ఎక్కువ పడింది."

"పిల్లికా, కుక్కకా?"

నిజం అక్కడే ఉంది, నాలుక చివర. దాన్ని తాత మింగేశాడు. "పిల్లికే."

"వయసెంత సార్?"

"ఇరవై నెలలు."

"బరువు?"

బరువు తప్పు చెబితే విరుగుడు తప్పుతుంది. ఈ ఒక్క చోట తాత నిజాయితీగా ఉండదలచాడు. "పదకొండు కిలోలు."

"పదకొండా సార్? ఒకటీ ఒకటీ పదకొండా?"

"అవును."

"పిల్లేనా సార్?"

"పిల్లే."

"ఏం పెడుతున్నారు సార్ దానికి?"

"పాలు. అరటిపండు. నూనెలో వేయించిన బంగాళాదుంప ముక్కలు కూడా తింటుంది."

"పిల్లికి బంగాళాదుంపలేంటి సార్!" అమ్మాయి గొంతులో కోపం వచ్చింది. "అందుకే అలా అయింది. ఆపరేషన్ చేయించారా?"

"ఏం ఆపరేషన్?"

"పిల్లలు పుట్టకుండా."

తాత ఫోను చెవి దగ్గరనుంచి తీసి దానివంక ఒకసారి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంకా లేదమ్మా," అన్నాడు.

"ఇప్పుడెలా ఉంది? నురగ వస్తోందా?"

"ఇంకా లేదు. వస్తుందేమోనని..."

"కరుస్తుందా?"

తాత ఆలోచించాడు. మొన్న ఆదివారం చూపుడువేలు కొరికింది. "ఒక్కోసారి," అన్నాడు.

"కదిలించకండి సార్. దగ్గరికి పోకండి. మా బండి మీ వైపే తిరుగుతోంది, పావుగంటలో పంపిస్తాను. మా మనిషి చాలా అనుభవం ఉన్నవాడు, పెద్దవాటిని కూడా పట్టేస్తాడు. అడ్రస్ చెప్పండి."

తాత అడ్రస్ చెప్పాడు. ఫోను పెట్టేశాకగాని 'పట్టేస్తాడు' అన్న మాట ఆయన బుర్రకెక్కలేదు.

ఇంతలో వీధితలుపు తట్టిన చప్పుడు. పక్కింటి టీచరమ్మ. బడిలోంచి రిటైరై ఆరేళ్లయినా వీధిలో ఏ ఇంట్లో ఎంత అల్లరి జరుగుతోందో గోడలోంచి వినడం ఇంకా మానలేదు. తాత గడియ తీసి, తలుపు సగం తెరిచి, సగంలో తను నిలబడ్డాడు.

"ఏంటన్నయ్యగారూ, పొద్దున్నే తలుపులన్నీ వేసుకున్నారు? ఏదో మూలుగు వినబడుతోంది."

"ఏం లేదు టీచరమ్మా. పిల్లికి కాస్త ఒంట్లో బాగోలేదు."

టీచరమ్మ ఆయన చంక కిందనుంచి లోపలికి చూసింది. "పాపేంటి, కంచెలో ఉంది?"

"ఆడుకుంటోంది."

"నోరు తెరుచుకుని పడుకుందే!"

"ఆడి ఆడి అలిసిపోయింది."

టీచరమ్మ ఇంకేమీ అడగలేదు. నలభై ఏళ్లు అబద్ధాలు చెప్పే పిల్లల మధ్య గడిపింది కాబట్టి అడిగి ప్రయోజనం లేదని ఆమెకు తెలుసు. ఆయన్ని మోచేత్తో పక్కకు జరిపి నేరుగా మూలుగు వచ్చేవైపు నడిచి, స్నానాలగది తలుపు తీసింది. ఎంత వేగంగా తీసిందో అంతకు రెండింతల వేగంగా మూసింది.

"నురగ! అన్నయ్యగారూ, నురగ కక్కుతోంది! దానికి పిచ్చెక్కింది!"

"పిచ్చి కాదమ్మా..."

"మరేంటి?"

మరేంటో చెప్పాలంటే మొదటినుంచి చెప్పాలి. టీచరమ్మ చూపు ఆయన మణికట్టు మీద నాలుగు ఎర్ర గీతల మీద పడింది.

"గీరిందా?"

"చిన్నదే..."

"అయ్యయ్యో! పాపను కంచెలో అందుకే పెట్టారా? పాపను కూడా కరిచిందా?" అంటూనే ఆమె వెనక్కి నడిచింది. గుమ్మం దాటాక నడక పరుగైంది. అయిదు నిమిషాల్లో వీధిలో ఒక్కో తలుపూ టపటపా పడింది. ఒక కిటికీలోంచి ఎవరో, "కుక్కా, పిల్లా?" అని అడగడం, ఇంకో కిటికీలోంచి, "పిల్లేనట, కానీ చాలా పెద్దదట" అనడం తాతకు వినబడ్డాయి. పెద్దదన్న సంగతి వీళ్లకెలా తెలిసిందో ఆయనకు అర్థంకాలేదు. భయానికి కొలతలు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫోను మళ్లీ మోగింది. కొడుకు.

"నాన్నా! టీచరమ్మ ఫోన్ చేసింది. మసికి పిచ్చెక్కిందట, నిన్ను కరిచిందట, పాపను కరిచిందట. ఏంటిదంతా?"

"ఆవిడ మాట నమ్ముతావేంట్రా? ఏం లేదు. అంతా బాగానే ఉంది."

"పాపేం చేస్తోంది?"

"నిద్రపోతోంది."

"తొమ్మిదిన్నరకా? ఎప్పుడూ పదకొండుకు కదా పడుకునేది?"

ఈ ప్రశ్నే తాతను కూడా లోపల కోస్తోంది. పాప కంచెలో ముడుచుకుని ఉంది. వంగి దాని ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఊపిరి ఆడుతోంది. ఎంతసేపు ఆడుతుందో ఎవరు చెప్పగలరు? "పిస్ పిస్" అన్నాడు. పాప కన్ను తెరవలేదు. సున్నం మాత్రం తెరిచి, ఈ మనిషికి ఇవాళ ఏమైందన్నట్టు చూసి మళ్లీ మూసుకుంది.

"నాన్నా, వింటున్నావా?"

"వింటున్నాను. తర్వాత మాట్లాడతా," అని పెట్టేశాడు.

ఇక అబద్ధాలు చాలనుకున్నాడు. చాలని కాదు, కొత్తది దొరకలేదు. పాపను ఎత్తుకుని పరుగెత్తాలి. క్లినిక్‌కే పరుగెత్తాలి. కాగితం మీద సంతకం పడితే పడనీ, పాప బతికితే చాలు. వంగి పాపను భుజాన వేసుకోబోయాడు. పాపకు మెలకువ వచ్చింది. "వద్దు!" అని అరిచి మూతిమీద గుద్దింది. ఆ దెబ్బకు తాతకు ప్రాణం లేచొచ్చింది. మళ్లీ కంచెలో దించాడు. అంతలో వాకిట్లో బండి ఆగింది.

దిగినవాడు తలుపంత మనిషి. మోచేతులదాకా తోలు తొడుగులు, తలకు ఇనపజాలీ ముసుగు, ఒక చేతిలో పొడుగుకర్రకు కట్టిన వల, ఇంకో చేతిలో దూడ పట్టేంత బోను. ముసుగు వెనక చెంప మీద పాత గీతలు మూడు కనబడుతున్నాయి. అనుభవం ఉన్నవాడేనని వాటిని చూస్తేనే తెలుస్తుంది. వీధిలో కిటికీలన్నీ వేలెడు వేలెడు తెరుచుకున్నాయి.

"ఎక్కడండీ, పదకొండు కిలోలది?" అన్నాడు గొంతు తగ్గించి.

తాత కంచెవైపు వేలు చూపించాడు.

ఆ మనిషి వల ముందుకు చాచి, మునివేళ్ల మీద హాల్లోకి నడిచాడు. కంచె దగ్గర ఆగాడు. లోపల పాప కర్రలు పట్టుకుని నిలబడి ఉంది. అతన్ని కిందనుంచి పైకి చూసి, "మ్యావ్" అంది.

అతను వల దించాడు. ముసుగు పైకి లేపాడు. "పెద్దాయనా, ఇది పాప."

"తెలుసు."

"ఫోన్లో పిల్లి అన్నారట."

"అన్నాను."

"కరుస్తుందన్నారట."

"కరుస్తుంది." "బాబూ, పిల్లికి వెయ్యాల్సిన మందు దీనికి వేశాను. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"అదంతా సరే గానీ, దీనికి డాక్టర్..." అని అతను అనబోతుండగా గుమ్మంలోంచి కోడలు వచ్చింది. ఒక చెప్పు లేదు. మెడలో క్లినిక్ చీటీ అలాగే వేలాడుతోంది. టీచరమ్మ ఆమెకు కూడా ఫోన్ చేసింది మరి. మొదటి రోజు, గంటంబావు పని, పిచ్చిపిల్లి కరిచిందన్న వార్త. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వల చూసింది, బోను చూసింది, ఒక్క అంగలో కంచె దాటి పాపను ఎత్తుకుని ఒళ్లంతా తడిమింది.

"ఏమైంది మామయ్యా?"

ఇంకొకరైతే అక్కడ నిజమే చెప్పేవారు. తాత నోటినుంచి మాత్రం అలవాటైపోయిన మాటే వచ్చింది. "ఏం లేదమ్మా. మసికి కాస్త ఒంట్లో..."

"పాపకు పిల్లి మందు వేశానని ఇప్పుడే అన్నారు కదండీ!" అన్నాడు వల మనిషి.

కోడలు తాత ముఖంలోకి చూసింది. "ఏ రంగుది వేశారు పాపకు?"

"ఆకుపచ్చది."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగా."

కోడలు పాపతోపాటే నేలమీద కూలబడింది. మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. "పాపకు పాప మందే పడింది," అంది.

"నన్ను ఓదార్చకమ్మా. వాడే ఫోన్ చేసి చెప్పాడు, ఎర్రది పాపదని."

ఈలోగా వల మనిషి స్నానాలగది తలుపు తీసి మసి మెడ పట్టుకుని బయటికి తెచ్చాడు. మూతి తుడిచి చూశాడు. "నురగ కక్కింది ఇదేనా? ఆ పురుగుల మందు వేస్తే పిల్లులన్నీ ఇంతే పెద్దాయనా. కటిక చేదు. పావుగంట నురగ కక్కి మానేస్తాయి. దగ్గు మందు తియ్యగా ఉంటుంది, దానికి నురగ ఎందుకొస్తుంది? పిల్లి మందు పిల్లికే పడింది. ఇందులో చూడ్డానికేమీ లేదు."

తాత ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"రాత్రి ఆయన రబ్బరుబ్యాండ్లు కట్టారు," అంది కోడలు. "ఎరుపు పాపకు, ఆకుపచ్చ పిల్లికి. పొద్దున ఫ్రిజ్ తీసి చూశాను. మామయ్య ఎర్రది పాపకు ఎలా వేస్తారు, చచ్చినా వెయ్యరు, ఎరుపంటే ఆయనకు ఆగడమే కదా అనిపించింది. అవి విప్పి ఇది దానికి, అది దీనికి మార్చేశాను. మీకు చెబుదామని నోరు తెరిస్తే చెయ్యెత్తారు. రంగులతోనే బతికానన్నారు. అందుకే మార్చానని చెప్పబోయి, ఆలస్యమవుతోందని వెళ్లిపోయాను."

తాతకు కాళ్లలో సత్తువ మెల్లగా తిరిగొచ్చింది. ముందు మోకాళ్లకు, తర్వాత వెన్నుకు, చివరికి మెడకు. తప్పలేదు! ముప్పై నాలుగేళ్లలోనూ తప్పలేదు, ఇవాళా తప్పలేదు. తప్పు కట్టింది కొడుకు, అరిచింది టీచరమ్మ. తను పచ్చది పచ్చగా, ఎర్రది ఎర్రగా చూశాడు. "నాకు తెలుసు," అన్నాడు గొంతు సవరించుకుని. "రంగు విషయంలో నేను పొరబడను."

వల మనిషి జేబులోంచి చీటీల పుస్తకం తీశాడు. "రాసుకోవాలండీ. రోగి పిల్లి. బరువు..." అని ఆగి, మసిని ఒకచేత్తో తూచి, "నాలుగు అని రాస్తాను. మా ఆఫీసమ్మాయికి మీరే ఫోన్ చేసి చెప్పండి. పదకొండు కిలోల పిల్లి వస్తోందని పొద్దుటినుంచి అందరికీ చెప్పుకుంటోంది, పాపం," అని బోను ఎత్తుకుని వెళ్లిపోయాడు. కిటికీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. టీచరమ్మ కిటికీ అన్నిటికంటే చివర మూతపడింది.

కోడలు పాపను దించింది. పాప నాలుగు కాళ్ల మీద వెళ్లి తాత మోకాలికి తలతో రుద్దింది. తాత వంగి ఎత్తుకున్నాడు. పరీక్ష గట్టెక్కిందని ఆయనకు నమ్మకం కుదిరింది.

"మీకు విడమరిచి చెప్పకపోవడం నా తప్పు," అంది కోడలు. "ఆయనకు చెప్పకుండా మార్చడం ఇంకో తప్పు. రెండూ నావే, ఒప్పుకుంటున్నాను."

"పోనీలే అమ్మా," అన్నాడు తాత ఉదారంగా.

"ఆయన ఫోన్ చేసినప్పుడు మీరేం చెప్పారు?"

"ఏమని చెబుతాను? సరిగ్గానే వేశానని."

"అప్పటికి తప్పు వేశాననే అనుకుంటున్నారు కదా?"

తాత పాపను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"పాపకు ఏదో అయిపోతుందని అనుకుంటూనే చెప్పారు. టీచరమ్మకూ ఏం లేదనే చెప్పారు. పశువుల ఆస్పత్రికి పాపను పిల్లి అని చెప్పారు. ఇప్పుడు నేనొచ్చి అడిగినా అదే చెప్పారు." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే తాత కూడా పెంచేవాడు. "ఒక్క సంగతి అడుగుతాను మామయ్యా. మీ క్యాబిన్‌లో ఎవడైనా తప్పు మీట లాగి వెంటనే మీకొచ్చి చెబితే ఏం చేసేవారు?"

"తిట్టేవాణ్ణి. మర్నాడు మళ్లీ మీట దగ్గర నిలబెట్టేవాణ్ణి."

"తప్పు లాగానని తెలిసీ, అడిగితే సరిగ్గానే లాగానని చెబితే? అదృష్టం బాగుండి బండ్లు తగల్లేదనుకోండి. అప్పుడు?"

"ఇంటికి పంపించేసేవాణ్ణి," అన్నాడు తాత.

"మళ్లీ తీసుకునేవారా?"

"లేదు."

ఆ రెండు జవాబులూ ఆయన ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేశాయి. ముప్పై నాలుగేళ్ల అలవాటు. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఏదైనా దారుందా అని వెతికాడు. దొరకలేదు. పాప ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని నములుతోంది.

కోడలు చేతిసంచిలోంచి కాగితం తీసి, బల్ల మీద పెట్టి సంతకం చేసింది. "సోమవారం ఎనిమిదింటికల్లా పాప బూట్లు తీసిపెట్టండి మామయ్యా," అని, పోయిన చెప్పు వెతుక్కుంటూ మళ్లీ పనికి బయల్దేరింది. ఒంటిగంటదాకా ఇంకా టైముంది.

ఆ రోజు కోడలు అడగ్గానే తాత ఆలోచించకుండా చెప్పిన నిజం క్యాబిన్ గురించిన ఆ జవాబే. దాన్ని కూడా ఒక్క నిమిషం ఆలోచించి చెప్పి ఉంటే సరిపోయేది.